నాయనకి స్టేజ్ 4 ప్రోస్టేట్ క్యాన్సర్: మందులన్నీ కలిపి వాడాలా, ఒకటయ్యాక ఒకటా?

కావలి_రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మా నాయన వయసు 71. ఊరు అల్లూరు దగ్గర పల్లె, మొన్నటి పంట దాకా మడిలోకి ఆయనే దిగేవాడు. నడుంనొప్పి అంటే ఎముకలు అరిగాయనుకుని చాలా రోజులు నూనెలు, బెల్టుతో గడిపేశాం. చివరికి నెల్లూరులో ప్రోస్టేట్ జబ్బుని పట్టిచ్చే రక్తపరీక్ష చేయిస్తే పీఎస్ఏ 312. బయాప్సీలో గ్లీసన్ (క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే లెక్క) 4+4. చెన్నైలో జబ్బు ఎక్కడెక్కడ పాకిందో చూపే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ తీస్తే వెన్నెముక, కటి ఎముకలు, పక్కటెముకలు, కుడి తొడ ఎముక అన్నిట్లో మచ్చలున్నాయి. లివర్, ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు.

మూడు నెలలకోసారి వేసే హార్మోన్ ఇంజెక్షన్ పడింది. నొప్పి బాగా తగ్గింది. ఇప్పుడు డాక్టర్‌గారు ఇంజెక్షన్‌కి తోడు రోజూ మాత్రలు మొదలుపెడదాం, ఒళ్లు తట్టుకుంటే కీమో కూడా కలుపుదాం అంటున్నారు. మా మేనమామ అడ్డం పడుతున్నాడు. "నొప్పి తగ్గింది కదరా, బాణాలన్నీ ఇప్పుడే వేసేస్తే రేపు ముదిరినప్పుడు అమ్ములపొదిలో ఏం మిగులుతుంది?" అంటాడు. ఆయన మాట కూడా నిజమే అనిపిస్తుంది. నాయనకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. చెన్నైలో ఎవరో ల్యుటీషియం అని ఇంకొకటి చెప్పారు. మాకు అంతా అయోమయంగా ఉంది. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_మాస్టారు:
బాబూ, నేను పేషెంటునే. 2019లో బయటపడింది, అప్పటికే ఎముకల్లో ఉంది. మీ మేనమామ అడిగిన ప్రశ్నే నేనూ డాక్టర్‌ని అడిగాను. ఆయన చెప్పింది నాకు బుర్రకెక్కింది. ఈ జబ్బు మగ హార్మోన్ మీద బతుకుతుంది. దాన్ని ఆపేస్తే జబ్బు లొంగుతుందని చార్లెస్ హగ్గిన్స్ అనే ఆయన 1941లోనే చూపించాడు, 1966లో నోబెల్ ఇచ్చారు. కానీ ఒక్క ఇంజెక్షన్ మీదే వదిలేస్తే కొన్నాళ్లకి ఆ కణాలు తక్కువ హార్మోన్‌తోనే బతకడం నేర్చుకుంటాయి. అవి నేర్చుకోకముందే రెండో వైపు నుంచీ కొట్టాలి అన్నాడు. నేను ఇంజెక్షన్ బదులు వృషణాలు తీసే ఆపరేషన్ చేయించుకున్నాను, దానికి తోడు మగ హార్మోన్ తయారీని అడ్డుకునే అబిరాటెరోన్ మాత్రలు. ఇప్పటికీ పొద్దున్నే పేపర్ కోసం నడిచి వెళ్తున్నాను.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. నాయనకి జబ్బు పేరు చెప్పారా?

కావలి_రైతుబిడ్డ:
లేదు మాస్టారూ. గడ్డ అని చెప్పాం. అమ్మ వద్దంది.

ఒంగోలు_మాస్టారు:
చెప్పండి. కీమో ఎక్కించేటప్పుడు పక్క బెడ్డు వాళ్లే చెప్పేస్తారు. ఇంట్లోవాళ్ల నోట వింటేనే మేలు. సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే.

గూడూరు_అక్క:
తమ్ముడూ, మా నాన్నకి డోసిటాక్సెల్ కీమో ఆరు సార్లు ఇచ్చారు, మూడు వారాలకొకటి. సినిమాల్లో చూపించినంత ఘోరం కాదు, అలాగని తేలిక కూడా కాదు. ఎక్కించిన రోజు బాగానే ఉంటారు. వారం తిరిగాక తెల్లకణాలు పడిపోతాయి, అసలు జాగ్రత్త అప్పుడు. థర్మామీటర్‌లో 100.4 దాటితే పొద్దున వెళ్దాంలే అనుకోవద్దు, ఆ రాత్రే క్యాజువాలిటీకి తీసుకెళ్లాలి. నోరు పూస్తుంది, రుచి పోతుంది, గోళ్లు నల్లబడతాయి. కాళ్లలో తిమ్మిరి కొంత మిగిలిపోయింది. మా నాన్న పెరుగన్నం, రాగిజావ మీదే నెట్టుకొచ్చాడు. చేపల పులుసు వాసన కూడా పడలేదంటే మీరే అర్థం చేసుకోండి, మా ఇంట్లో అది లేని ఆదివారం ఉండదు.

కీమో రోజుల్లో స్టెరాయిడ్ ఇస్తారు, దాంతో షుగర్ ఎగిరిపోతుంది. ముందే షుగర్ డాక్టర్‌కి చెప్పి ఉంచండి.

పీజీ_డాక్టర్_కందుకూరు:
నేను చెన్నైలో ఆంకాలజీ చదువుతున్నాను. నాయన ఫైల్ చూడలేదు కాబట్టి ఇది సలహా కాదు, సమాచారం అనుకోండి.

మేనమామగారి వాదన ఒకప్పుడు డాక్టర్ల వాదన కూడా. దాన్ని మార్చింది 2015లో వచ్చిన చార్టెడ్ ట్రయల్, అంటే రోగుల మీద మందుల్ని పోల్చి చూసిన పరీక్ష. హార్మోన్ ఇంజెక్షన్ మాత్రమే తీసుకున్నవాళ్లలో సగం మంది 44 నెలలు దాటి బతికితే, మొదట్లోనే ఆరు డోసుల డోసిటాక్సెల్ కలిపినవాళ్లలో సగం మంది 57.6 నెలలు దాటి బతికారు. అదే మందు, ముందు ఇవ్వడం వల్ల వచ్చిన తేడా. అయితే ఆ లాభం దాదాపు అంతా జబ్బు ఎక్కువగా పాకినవాళ్లలోనే కనిపించింది. ఎక్కువ అంటే లివర్, ఊపిరితిత్తుల లాంటి చోట్ల ఉండటం, లేదా ఎముకల్లో నాలుగు, అంతకంటే ఎక్కువ మచ్చలుండి వాటిలో ఒకటైనా వెన్నెముక, కటి దాటి బయట ఉండటం. ఆ ట్రయల్‌లో లెక్కేసింది మామూలు బోన్ స్కాన్, సీటీ స్కాన్లతో. మీరు రాసినదాన్ని బట్టి నాయన ఆ గుంపులోకే వచ్చేలా ఉన్నారు.

2017లో లాటిట్యూడ్ ట్రయల్ వచ్చింది. ఇంజెక్షన్‌కి అబిరాటెరోన్ కలిపితే 53.3 నెలలు, కలపకపోతే 36.5. తర్వాత ఎంజాలుటమైడ్, అపాలుటమైడ్ అనే హార్మోన్ మాత్రలు కూడా ఇదే స్థానంలో పనిచేస్తాయని తేలింది. అందుకే ఇప్పుడు ఒళ్లు తట్టుకోగల మనిషిని ఒక్క ఇంజెక్షన్ మీద ఉంచడం మంచి వైద్యం కాదు. రెండైనా ఉండాలి.

మూడు కలపాలా అన్నదే అసలు చర్చ. 2022లో రెండు ఫలితాలు వచ్చాయి. అరాసెన్స్‌లో ఇంజెక్షన్, డోసిటాక్సెల్‌కి డారోలుటమైడ్ అనే మాత్ర కలిపితే చావు ముప్పు 32.5 శాతం తగ్గింది. పీస్-1లో ఆ రెండింటికీ అబిరాటెరోన్ కలిపారు, ఎక్కువ పాకినవాళ్లకి మేలు జరిగింది. కానీ ఒక మెలిక ఉంది. ఈ రెండూ పోల్చింది ఇంజెక్షన్ ప్లస్ కీమోతో. ఇంజెక్షన్ ప్లస్ మాత్ర తీసుకునే మనిషికి పైన కీమో కలిపితే ఎంత లాభం అన్నది ఇవి నేరుగా తేల్చలేదు. కాబట్టి కీమో ఇస్తే మాత్ర తప్పకుండా తోడు ఉండాలి. మాత్ర ఇస్తే కీమో తప్పనిసరా అంటే, అది మనిషిని చూసి తేల్చాలి. 71 ఏళ్లంటే నాకు అడ్డుగా కనిపించదు. షుగర్ ఎలా ఉంది, గుండె ఎలా ఉంది, తన పనులు తను చేసుకుంటున్నారా అన్నది చూస్తాం.

పెన్నా_ఒడ్డు:
డాక్టర్లు చెప్పేది వాళ్లు చెప్తారు. నేను అవి మానేయమనను. వాటితో పాటు లక్ష్మణఫలం ఆకు కషాయం, పసుపు, అశ్వగంధ వాడండి. మా వీధిలో ఒకాయన వాడి లేచి తిరుగుతున్నాడు. చెట్టు మందు కలిపితే పోయేదేముంది?

మందులషాపు_కర్నూలురోడ్డు:
పెన్నా_ఒడ్డు అన్నా, పోయేది ఉంది. ఒంగోల్లో మా షాపుకి వచ్చే ఇలాంటి పేషెంట్లలో చాలామంది సంచిలో ఏదో ఒక పొడి ఉంటుంది. నేను తిట్టను, చీటీ తీసి పేరు రాసుకుని డాక్టర్‌కి చూపించమంటాను.

అశ్వగంధ సంగతే చూడండి. మగతనానికి, ఓపికకి అని అమ్ముతారు. టెస్టోస్టెరాన్ పెంచుతుందని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. ఇక్కడ మూడు నెలలకోసారి ఇంజెక్షన్ వేసేది అదే టెస్టోస్టెరాన్‌ని అణచడానికి. పైగా అశ్వగంధతో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. అబిరాటెరోన్ కూడా లివర్ మీద పడే మందే, అందుకే మొదటి మూడు నెలలు రెండు వారాలకోసారి లివర్ పరీక్ష రాస్తారు. రెండూ వాడి లివర్ చెడితే దేనివల్లో ఎవరు చెప్పగలరు? తిట్టు మాత్రం మంచి మందుకే తగులుతుంది, దాన్నే ఆపేస్తారు.

అమెరికాలో పీసీ-స్పెస్ అని ఎనిమిది మూలికల క్యాప్సూల్ ఒకటి ప్రోస్టేట్ రోగులకి బాగా అమ్ముడుపోయింది. పీఎస్ఏ నిజంగానే తగ్గేది. పరీక్షిస్తే అందులో ఆడ హార్మోన్ లాంటి మందు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ కలిసి ఉన్నాయి. 2002లో వెనక్కి తీసుకున్నారు. విటమిన్లు కూడా అంతే. విటమిన్ ఇ ప్రోస్టేట్‌ని కాపాడుతుందని సెలెక్ట్ అనే పెద్ద ట్రయల్ పెడితే, 2011లో చూసేసరికి వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ వచ్చింది.

కూరలో పసుపు వేసుకోండి, ఎవరూ వద్దనరు.

పెన్నా_ఒడ్డు:
సరే అన్నా, అశ్వగంధ మాట వెనక్కి తీసుకుంటా. కషాయం మాత్రం మా నమ్మకం.

మందులషాపు_కర్నూలురోడ్డు:
నమ్మకాన్ని ఎవరు కాదన్నారు. డాక్టర్‌కి చెప్పి తాగండి, కీమో రోజుల్లో మాత్రం ఆపండి.

కావలి తమ్ముడికి ఇంకో మాట. అబిరాటెరోన్ రాస్తే రోజుకి 1000 మిల్లీగ్రాములు, పరగడుపున. తిన్నాక వేసుకుంటే ఒంట్లోకి ఎక్కే మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ గుణాన్నే వాడుకుని, తక్కువ కొవ్వు టిఫిన్‌తో 250 మిల్లీగ్రాములు ఇస్తే పీఎస్ఏ దాదాపు అలాగే తగ్గిందని 2018లో ఒక చిన్న ట్రయల్ వచ్చింది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకి కొందరు డాక్టర్లు అలా రాస్తారు. సొంతంగా నాలుగు మాత్రల్ని ఒకటి చేసుకోవద్దు. దాంతో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్ కదా అని మానేసేవాళ్లున్నారు. అది మానితే పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి. నాయన షుగర్ మాత్రల్లో పయోగ్లిటజోన్ ఉంటే అది కూడా చెప్పండి, రెండూ కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు.

కావలి_రైతుబిడ్డ:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ దండాలు. ల్యుటీషియం గురించి కూడా చెప్పండి. లక్షల్లో అవుతుందంటున్నారు. పొలం అమ్మి అయినా మొదటే అది చేయిస్తే మేలని మా తమ్ముడు అంటున్నాడు.

పీజీ_డాక్టర్_కందుకూరు:
పొలం జోలికి ఇప్పుడు వెళ్లకండి.

ల్యుటీషియం-177 అంటే రేడియో ధార్మిక పదార్థాన్ని పీఎస్ఎంఏ అనే ప్రొటీన్‌ని వెతుక్కునే అణువుకి కట్టి రక్తంలోకి ఎక్కించడం. పెట్ స్కాన్‌లో మెరిసిన చోటికే ఇదీ వెళ్తుంది. 2021లో విజన్ ట్రయల్‌లో హార్మోన్ మాత్రలూ, కీమో అయిపోయినవాళ్లకి ఆరు వారాలకొకటి చొప్పున ఇచ్చారు. సగం మంది బతికిన కాలం 11.3 నెలల నుంచి 15.3 నెలలకి పెరిగింది. దాన్ని చూసే 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. నోరు ఎండిపోవడం, నీరసం, రక్తకణాలు తగ్గడం ఉంటాయి. మందు మూత్రంలో పోతుంది కాబట్టి కొన్ని రోజులు పసిపిల్లలకి, గర్భిణులకి దూరంగా ఉండమంటారు. మొదట్లోనే ఇంజెక్షన్, మాత్రలతో కలిపి ఇచ్చి చూసిన ట్రయల్‌లో జబ్బు ముదరడం ఆలస్యమైందని 2025లో ప్రకటించారు. అంటే ముందుకి వస్తోంది. ఇవాళ నాయనకి మాత్రం ఇంజెక్షన్, మాత్రలు ముందు నిలకడగా పడాలి. మేనమామగారు అడిగిన అమ్ములపొదిలో మిగిలేది ఇదే అనుకోండి. కబాజిటాక్సెల్ అని రెండో కీమో కూడా ఉంది.

కలిపితే అన్నీ మంచే అవుతాయనుకోవద్దు. అబిరాటెరోన్ మంచిది, ఎముకల్లోకి వెళ్లే రేడియో ధార్మిక మందు రేడియం-223 మంచిది, రెండూ కలిపితే ఇంకా మంచిదనుకుని ఎరా-223 అనే ట్రయల్ పెట్టారు. కలిపినవాళ్లలో 29 శాతం మందికి ఎముకలు విరిగాయి, రేడియం లేనివాళ్లలో 11 శాతం. అందరూ పేరు విన్న ఇమ్యూనోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్‌ని ఎంజాలుటమైడ్‌తో ఒకసారి, డోసిటాక్సెల్‌తో ఒకసారి కలిపి చూశారు, రెండూ ఫెయిల్. కణాల్లో ఒక అరుదైన లోపం ఉన్న కొద్దిమందికే అది పనికొస్తుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కలిపితే ఆయుష్షు పెరుగుతుందేమోనని స్టాంపీడ్ అనే ట్రయల్ వాళ్లు చూశారు, 2024లో ఫలితం చెప్పారు, మొత్తం మీద తేలినదేమీ లేదు. షుగర్ కోసం వాడుతుంటే వాడుకోండి.

వింతగా అనిపించేది ఒకటి చెప్తాను. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో కొందరు డాక్టర్లు మందులకి లొంగని జబ్బుకి నెలకోసారి టెస్టోస్టెరాన్‌నే పెద్ద డోసులో ఎక్కించి చూస్తున్నారు. ఆకలికి అలవాటు పడ్డ కణానికి ఒక్కసారి అజీర్తి చేయించడం అన్నమాట. కొందరిలో ఎంజాలుటమైడ్ మళ్లీ పనిచేసింది. ఇది పూర్తిగా ప్రయోగమే, ఎముకల్లో నొప్పి ఉన్నవాళ్లకి ప్రమాదం. ఎవరైనా యూట్యూబ్ చూసి ఇంట్లో మొదలుపెడతారేమోనని ముందే రాస్తున్నాను.

డాక్టర్‌ని తప్పకుండా అడగాల్సింది బీఆర్‌సీఏ జన్యు పరీక్ష. ఇంత ముదిరిన కేసుల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఇలాంటి లోపం పుట్టుకతోనే ఉంటుంది. ఉంటే తర్వాత ఒలాపరిబ్ లాంటి మాత్రలు పనికొస్తాయి. అబిరాటెరోన్‌తో ఒలాపరిబ్‌ని కలిపి వాడటానికి అమెరికాలో 2023లో అనుమతి ఇచ్చినా, బీఆర్‌సీఏ లోపం ఉన్నవాళ్లకే పరిమితం చేశారు. మీకు అక్కచెల్లెళ్లుంటే ఈ పరీక్ష వాళ్లకీ ముఖ్యం, రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఇదే లోపంతో వస్తాయి.

బుచ్చి_బాబాయ్:
ప్రయోగం అన్న మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా అన్నకి పోయినేడు ఒక నగరంలో ఒక సెంటర్ వాళ్లు "మీ రక్తంలోంచి కణాలు తీసి ట్రైనింగ్ ఇచ్చి మళ్లీ ఎక్కిస్తాం, ఇది ట్రయల్" అని లక్షలు కట్టించుకున్నారు. ఒక్క కాగితం లేదు, ఫైల్ అడిగితే వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. ఆ డబ్బుతో ఏళ్ల తరబడి మాత్రలు వచ్చేవి. ఈ మోసగాళ్లని ఎట్టా గుర్తుపట్టాలి?

పీజీ_డాక్టర్_కందుకూరు:
బాబాయ్, అసలు ట్రయల్ అయితే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో రిజిస్టర్ అయి ఉండాలి, 2009 నుంచి అది తప్పనిసరి. నంబర్ అడగండి, ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. 2019 నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి, మీకు అర్థమయ్యే భాషలో రాసిన ఒప్పంద పత్రం ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం వాళ్లే చూడాలి. ప్రయోగం చేసే మందుకి మీ దగ్గర లక్షలు అడిగితే అది ట్రయల్ కాదు, వ్యాపారం.

ఒంగోలు_మాస్టారు:
ఖర్చు సంగతి నేను చెప్తాను. ఎంజాలుటమైడ్‌కి మన పేటెంట్ ఆఫీసు 2016లో పేటెంట్ నిరాకరించింది, అందుకే మన కంపెనీల జెనరిక్స్ దొరుకుతున్నాయి. అబిరాటెరోన్‌కి కూడా జెనరిక్స్ ఉన్నాయి. కంపెనీకీ కంపెనీకీ ధరలో చాలా తేడా ఉంటుంది, ముద్రించిన ధర చూసి గుండె ఆపుకోవద్దు, నాలుగు చోట్ల అడగండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర కార్డు చూపించి ఏది వస్తుంది, ఏది రాదు అని మొదటి రోజే తేల్చుకోండి. తిరుపతిలో టాటా ట్రస్టు సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, నెల్లూరు వాళ్లకి చెన్నై కంటే దగ్గర. అడయార్, వేలూరు ఆసుపత్రులు ఎటూ ఉన్నాయి.

ఇక ఆపరేషన్. ఒక్కసారి చేయించుకుంటే ఇంజెక్షన్ ఖర్చు జన్మంతా ఉండదు. పని అదే చేస్తుంది. కానీ మన వైపు మగవాళ్లు పరువు అంటారు. నేనూ ఒక రాత్రంతా ఆలోచించాను. మా ఆవిడ "ఇంకా ఎవరికి పెళ్లి చూపులు" అనేసింది, అక్కడితో అయిపోయింది.

పుస్తకాల్లో రాసేదానికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు, చెమటలు. కండ తగ్గి పొట్ట వస్తుంది. టీవీ సీరియల్‌కి కూడా కళ్లలో నీళ్లొస్తాయి, నలభై ఏళ్లు పిల్లల్ని బెత్తంతో భయపెట్టినవాణ్ని! ఇంట్లోవాళ్లు ఇది మందు వల్ల అని తెలుసుకోవాలి. రోజూ నడక, చిన్న బరువులు ఎత్తడం, కాల్షియం, విటమిన్ డి మానకూడదు. ఎముకల బలానికి ఇంజెక్షన్ రాస్తే ముందు పళ్ల డాక్టర్‌కి చూపించుకోండి, ఆ తర్వాత పన్ను పీకించుకుంటే దవడ ఎముక మానకపోవచ్చు.

కావలి_రైతుబిడ్డ:
అప్‌డేట్. నాయనకి చెప్పేశాం. "నాకు పోయిన నెలే తెలుసురా, మీరు భయపడతారని ఊరుకున్నా" అన్నాడు. కీమో గురించి అంతా విని, సంక్రాంతికి మనవరాలి ఫంక్షన్ ఉంది, అప్పటికి నేను నిలబడి ఉండాలి, అదీ నా లెక్క అన్నాడు డాక్టర్‌తో.

మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9.8 ఉంది. అందుకని స్టెరాయిడ్ అవసరం లేని ఎంజాలుటమైడ్ రాశారు. గుండె ఎకో బాగానే వచ్చింది. కీమో ఇప్పుడు వద్దు, షుగర్ అదుపులోకి వచ్చేదాన్ని బట్టి త్వరలోనే మళ్లీ మాట్లాడదాం అన్నారు. జన్యు పరీక్షకి రక్తం పంపారు. మేనమామ కూడా వచ్చాడు, మాత్ర దాకా ఒప్పుకున్నాడు.

పీజీ_డాక్టర్_కందుకూరు:
ఈ పరిస్థితిలో నేనూ ఇలాగే ఆలోచిస్తాను. నాయనకి ఇదివరకు ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి, ఎంజాలుటమైడ్‌తో ఆ ముప్పు ఉంది. నీరసం, తూలి పడటం ఉంటాయి, గట్ల మీద ఒంటరిగా తిరగనివ్వకండి. పీఎస్ఏ ఏడో నెల నాటికి 0.2 లేదా అంతకంటే కిందకి దిగితే చాలా మంచి సూచన. దిగకపోతే కీమో మాట మళ్లీ గట్టిగా ఎత్తాలి.

మందులషాపు_కర్నూలురోడ్డు:
నాయన బీపీకి అమ్లోడిపిన్ వాడుతున్నారా? ఎంజాలుటమైడ్ వల్ల అది ఒంట్లోంచి తొందరగా వెళ్లిపోతుంది, పైగా ఈ మందే బీపీ పెంచుతుంది. ఇంట్లో మిషన్ పెట్టుకుని బీపీ రాసిపెట్టండి. రక్తం పలచబడే మాత్రలు ఏమున్నా పేరు చూపించండి.

చీమకుర్తి_99:
మధ్యలో వచ్చినందుకు క్షమించండి. మా మామగారికి కూడా ఇదే జబ్బు, వెన్నెముకలో ఉంది. రేపు మొదటి ఇంజెక్షన్ అన్నారు. దానికి ముందే బికలుటమైడ్ మాత్రలు ఇచ్చారు. ఇంజెక్షన్ ఉండగా ఇవెందుకు, డబ్బు దండగ కదా అని మా బావమరిది అంటున్నాడు.

పీజీ_డాక్టర్_కందుకూరు:
ఆపొద్దు. ల్యూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్ హార్మోన్‌ని తగ్గించే ముందు ఒకటి రెండు వారాలు పెంచుతుంది. వెన్నెముకలో జబ్బు ఉన్నప్పుడు అది ఉబ్బి నరాన్ని నొక్కేయవచ్చు. ఆ మాత్రలు దానికి అడ్డు. డెగారెలిక్స్ అనే ఇంజెక్షన్ అయితే ఈ గొడవ ఉండదు, మీకు ఏది రాశారో చూడండి. ఈ రెండు వారాల్లో కాళ్లు బరువెక్కినా, నడక తడబడినా, మూత్రం బిగిసినా, మొలచుట్టూ స్పర్శ తెలియకపోయినా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి బయల్దేరండి. అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగొద్దు.

చీమకుర్తి_99:
ల్యూప్రోలైడ్ అనే ఉంది డాక్టర్‌గారూ. ఇప్పుడే ఫోన్ చేసి మాత్ర వేయించాను.